నీ వంతు వచ్చింది తోట రాముడూ!

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో మధ్యాహ్నం రెండు దాటాక బేరాలు పలచబడతాయి. పొద్దున దిగిన కూరగాయల బస్తాల్లో సగం ఖాళీ అయ్యాయి. నీళ్లు చల్లి నిలబెట్టిన కొత్తిమీర కట్టలు మళ్లీ తల వాలుస్తున్నాయి. పక్కపక్క దుకాణాల కుర్రాళ్లు ఇద్దరు, ఒకడిది ఉల్లిగడ్డ, ఇంకొకడిది టమాట. ఇద్దరి మధ్యా బోర్లించిన ప్లాస్టిక్ ట్రే, దాని మీద ఒకే ఫోను, అందులో లూడో. ఒకావిడ వచ్చి కిలో టమాట అడిగింది. కుర్రాడు లేచాడు, ఏరాడు, తూచాడు, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి మళ్లీ చతికిలబడ్డాడు. "నీదే బారి, వెయ్" అన్నాడు రెండోవాడు. వేశాడు. ఆరు పడింది.

ఈ కాసేపట్లో ఆటకు వచ్చిన నష్టమేమీ లేదు. అదే తుపాకుల ఆటైతే టమాటాలు తూచేలోపే వాడి పని అయిపోయేది. వంతుల ఆట ఆగుతుంది. బేరం తెగేదాకా, కరెంటు వచ్చేదాకా, అమ్మ పిలిస్తే వెళ్లి వచ్చేదాకా ఓపిగ్గా ఆగుతుంది. రోజంతా గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్లకు, స్టేషన్ ప్లాట్‌ఫారం మీద రైలు కోసం చూసేవాళ్లకు ఇంతకంటే అనువైన ఆట లేదు. పులిజూదం, వామనగుంటలు, అష్టాచెమ్మా, పచ్చీసు... మన అరుగుల మీద ఆడినవన్నీ ఈ జాతివే.

మరి ఒక జానపద సినిమా కథను మొత్తం ఇలా వంతులేసుకుని ఆడుకోగలిగితే?

ప్రపంచంలో అలాంటి ఆటలున్నాయి. వాటిని టర్న్ బేస్డ్ ఆర్పీజీలంటారు, అంటే వంతుల వారీగా సాగే రోల్ ప్లేయింగ్ గేములు. నలుగురైదుగురు మనుషులు మీ జట్టు. ఒకడు కత్తి తిప్పుతాడు, ఒకతె మంత్రం వేస్తుంది, ఒకడు గాయాలు మాన్పుతాడు. శత్రువు ఎదురైతే ఆట నిలిచిపోతుంది. ఎవరి వేగం ఎక్కువైతే వాళ్ల వంతు ముందొస్తుంది. కొట్టాలా, కాచుకోవాలా, మందు తాగించాలా, పారిపోవాలా అని మీరు తీరిగ్గా తేల్చుకుంటారు. ఆ తర్వాత అవతలివాడి వంతు. గెలిచిన ప్రతి పోరుకీ జట్టు కాస్త బలపడుతుంది, కథ కాస్త ముందుకు నడుస్తుంది. చేతివేళ్ల చురుకుతో పనిలేదు, బుర్ర పెడితే చాలు.

ఇదేదో జపాన్ నుంచి దిగుమతైన వింత అనుకునే ముందు మన పాత పౌరాణిక సినిమాల్లో యుద్ధం ఒకసారి గుర్తుచేసుకోండి. ఒక వీరుడు కళ్లు మూసుకుని మంత్రం జపించి బాణం వదులుతాడు. అది నిప్పులు కక్కుకుంటూ తెరమీద ఈ చివరి నుంచి ఆ చివరికి నింపాదిగా సాగుతుంది. అవతలివాడు కంగారుపడడు. ఓ నవ్వు నవ్వుతాడు, తీరికుంటే ఓ పద్యం అందుకుంటాడు. అప్పుడు అమ్ములపొదిలోంచి వారుణాస్త్రం తీస్తాడు. నిప్పు ఆరిపోతుంది. ఇక వాడి వంతు. నాగాస్త్రం వేస్తే ఇవతలివాడు గరుడాస్త్రం వేస్తాడు. ఎవరూ ఎవరి వంతూ లాక్కోరు. ఫలానా దెబ్బకు ఫలానా విరుగుడు అన్న ఇదే లెక్క మీద జపాన్‌లో 1987లో ఫైనల్ ఫాంటసీ ఆటలు మొదలయ్యాయి. నేల టికెట్టు కొని ఈలలేసిన మన తాతలకు ఆ ఆట నియమాలు ఎవరూ నేర్పక్కర్లేదు, వాళ్లకు ముందే తెలుసు.

చిన్న పెట్టెలో పెద్ద కోట

సినిమాను వంతుల ఆటగా మలిచినవాటిలో నాకు బాగా నచ్చేది క్యాప్‌కామ్ చేసిన 'స్వీట్ హోమ్'. కియోషి కురొసావా తీసిన అదే పేరు సినిమా 1989 జనవరిలో వచ్చింది, ఆట అదే ఏడాది డిసెంబరులో. నిజం చెప్పాలంటే అది ఫాంటసీ కాదు, దయ్యాల కొంప కథ. పాడుబడిన బంగళాలోకి వెళ్లిన ఐదుగురూ మన జట్టు. ఒకడి దగ్గర లైటర్, ఒకామె దగ్గర మందుల పెట్టె, ఇంకొకడి దగ్గర కెమెరా, మరొకామె దగ్గర తాళంచెవి, ఐదో ఆమె దగ్గర దుమ్ము పీల్చే మెషిన్. ఎవరి పనిముట్టు వాళ్లది. ఒకరు చచ్చిపోతే ఇక తిరిగి రారు. ఎంతమంది మిగిలారన్న దాన్ని బట్టి ఐదు రకాల ముగింపులు. సినిమాలో చివరికి ఎవరు బతుకుతారో దర్శకుడు ఒక్కసారే తేల్చేశాడు. ఆటలో ఆ భారం మన మీద పడుతుంది. 1996లో వచ్చి లోకాన్ని ఊపేసిన 'రెసిడెంట్ ఈవిల్'కు బీజం ఇదే.

తమాషా ఏమిటంటే, స్వీట్ హోమ్ నడిచింది నింటెండో ఫామికామ్ మీద. తొంభైల్లో మన బజార్లలో సమురాయ్, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో అమ్ముడుపోయిన టీవీ గేములన్నీ ఆ ఫామికామ్ నకళ్లే. కాంట్రా, మారియో, బాతుల వేట మన పిల్లలకు కంఠతా వచ్చాయి గానీ ఆర్పీజీల ఊసే వాళ్ల చెవిన పడలేదు. కారణం చాలా చిన్నది. ఆర్పీజీ ఒక్క పూటలో అయిపోయే ఆట కాదు. ఎక్కడ ఆపామో దాచుకోవాలంటే క్యాసెట్ లోపల చిన్న బ్యాటరీ ఉండాలి. "9999 ఇన్ 1" అని రాసున్న చవక క్యాసెట్లో ఆ బ్యాటరీ ఎవరు పెడతారు? పైగా తెరనిండా జపనీస్ మాటలు. ఒక తరం మొత్తానికి వీడియో గేమంటే పరిగెత్తడం, కాల్చడం అని స్థిరపడిపోయింది. ఆ తరమే పెద్దదై గేములు చేయడం మొదలుపెట్టింది.

2001లో హ్యారీ పాటర్ మొదటి సినిమా వచ్చినప్పుడు అదే పేరుతో రకరకాల యంత్రాలకు రకరకాల ఆటలు విడుదలయ్యాయి. పెద్ద యంత్రాల ఆటల్లో పరుగులు, గెంతులు. అన్నిటికంటే బక్కదైన గేమ్ బాయ్ కలర్‌కు మాత్రం అమెరికాలోని గ్రిప్టనైట్ అనే చిన్న స్టూడియో వంతుల ఆర్పీజీ చేసింది. ఆ తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు. ఒకేసారి చూపగలిగే రంగులు 56. అందులో హాగ్వార్ట్స్ కోటను ఇరికించారు. నేలమాళిగలో ఎలుకలు ఎదురైతే మంత్రం ఎంచుకోవాలి, మాంత్రికుల బొమ్మల కార్డులు ఏరుకుని జతచేస్తే కొత్త శక్తులొస్తాయి. కథ అంతా అక్షరాల్లోనే సాగుతుంది. బొమ్మ గొప్పగా చూపించే దారి లేదు కాబట్టి చదివించే దారి వెతుక్కున్నారు. మరుసటి ఏడాది రెండో భాగాన్నీ అలాగే చేశారు. సినిమా పేరుతో వచ్చే ఆటలు సాధారణంగా వారం తిరక్కుండానే మరుగునపడతాయి. ఈ రెంటినీ మాత్రం ఇప్పటికీ వెతుక్కుని ఆడేవాళ్లున్నారు.

ఇక అసలు పెద్ద ప్రయత్నం 2004లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చేసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్: ది థర్డ్ ఏజ్'. పీటర్ జాక్సన్ మూడు సినిమాలూ వచ్చేశాయి. ఆ కంపెనీ చేతిలో ఉన్నవి సినిమా హక్కులు మాత్రమే, పుస్తకం మీద ఆటలు చేసే హక్కు అప్పట్లో వివెండీ దగ్గరుంది. పుస్తకంలో ఉండి సినిమాలో లేని ముక్క ఒక్కటీ వాడుకోవడానికి వీల్లేదు. అరగార్న్‌నో ఫ్రోడోనో మన చేతికిస్తే కథ ఎలా ముగుస్తుందో అందరికీ తెలుసు. ఏం చేయాలి? వాళ్లు ఆరుగురు కొత్తవాళ్లను పుట్టించారు. గోండోర్ సైనికుడు బెరెథోర్, దేవకన్య లాంటి ఇడ్రియల్, మరుగుజ్జు వీరుడు హాడ్‌హోడ్, అడవి బాటలెరిగిన ఎలెగోస్ట్, రోహన్ రాజ్యం నుంచి మోర్వెన్, ఇయోడెన్. సినిమా హీరోలు నడిచిన దారిలోనే వీళ్లు రెండడుగులు వెనక నడుస్తారు. నడుమ సినిమా దృశ్యాలు, ఇయన్ మెక్కెలెన్ గొంతు. పోరాట పద్ధతి ఫైనల్ ఫాంటసీ పదో భాగాన్ని తలపిస్తుందని ఆడినవాళ్లు చాలామంది అన్నారు. అన్నది నిజమే.

ఆడి చూస్తే మొదటి గంటల్లో భలే ఉంటుంది. మోరియా గనుల్లో గాండాల్ఫ్ పక్కన నిలబడి బాల్‌రోగ్ మీదికి మన వంతు కోసం కాచుకోవడం ఏ సినిమా హాల్లోనూ దొరకని సరదా. పోనుపోను ఇబ్బంది మొదలవుతుంది. దారి ఒక్కటే, పక్క ఊరు లేదు, మాట కలిపే మనుషులు లేరు. పోరు తర్వాత పోరు. ఎక్కడికి వెళ్లినా అసలు పెళ్లి పక్క వీధిలో జరుగుతోంది, మనం బజంత్రీలు వింటున్నాం. చివరికి ఆ లోటు తీర్చడానికి కాబోలు, ఏకంగా సౌరాన్ కంటితోనే యుద్ధం పెట్టారు! బురుజు మీద మండే కన్ను, దాంతో కత్తి యుద్ధం. మన జానపద సినిమాల విఠలాచార్య కూడా అంత దూరం పోలేదేమో. చేతిలో పట్టే గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు ఇదే పేరుతో గ్రిప్టనైట్ వాళ్లు చదరంగం తరహా యుద్ధతంత్రం ఆట చేశారు. అది ఇంకా బిగువుగా ఉంటుందని నా అభిప్రాయం.

హైదరాబాద్ ఏం చేసింది

మోండా నుంచి జనరల్ బజార్ మీదుగా ఎంజీ రోడ్డు దాటి నడిస్తే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఊరందరికీ సీటీసీ. జంట నగరాల్లో కంప్యూటర్ విడిభాగాలకు పెట్టింది పేరు. సినిమా గేములు కొనేవాళ్లు ఇక్కడ తిరుగుతున్న కాలంలోనే, వాటిని తయారుచేసేవాళ్లూ ఇదే నగరంలో తేలారు.

2008 డిసెంబరులో హిందీ 'గజిని' వచ్చింది. నిర్మాతల్లో అల్లు అరవింద్ ఒకరు. ఆ సినిమా మీద కంప్యూటర్ ఆటను చేసింది హైదరాబాద్‌లోని ఎఫ్ఎక్స్‌ల్యాబ్స్. వెనక నుంచి హీరోను చూస్తూ కొట్టుకుంటూ వెళ్లే యాక్షన్ గేమ్ అది. 2009లో అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2కు 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది. దానికి అమెరికా నుంచి రాజన్ జెడ్ అనే హిందూ నాయకుడు అభ్యంతరం లేవదీశారు. దేవుణ్ణి బటన్లతో ఆడించడం ఏమిటన్నది ఆయన ప్రశ్న. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది. 2017లో బాహుబలి రెండో భాగం విడుదల వేళకు ఆర్కా మీడియావర్క్స్‌తో కలిసి బెంగళూరు మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ ఫోన్లకు 'బాహుబలి: ది గేమ్' తెచ్చింది. మాహిష్మతిని కట్టుకోవాలి, కాలకేయుల నుంచి కాచుకోవాలి. కోటలు కట్టి పడగొట్టే ఆ తరహా అప్పటికే క్లాష్ ఆఫ్ క్లాన్స్‌తో ఊరూరా పాకిపోయి ఉంది. 2019 ఆగస్టులో సినిమాతో పాటు 'సాహో' ఆట వచ్చింది, హైదరాబాద్ పిక్సలాట్ ల్యాబ్స్ చేతి పని.

వీటిలో ఒక్కటి కూడా వంతుల ఆర్పీజీ కాదు. విచిత్రం చూడండి, మూన్‌ఫ్రాగ్‌కు పేరు తెచ్చిందే తీన్ పత్తీ. అంటే వంతులేసుకుని ఆడే పేకాట! బాహుబలి దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టు పక్కన పెట్టేశారు.

ఎందుకిలా అంటే మొదటి సంగతి, మన దగ్గర సినిమా గేమ్ అంటే పోస్టర్‌కు తోబుట్టువు. రిలీజ్ తేదీకి రావాలి, ట్రైలర్‌తో పాటు ఊరేగాలి, సినిమా థియేటర్లోంచి దిగిపోయే రోజుకి దాని పనీ అయిపోవాలి. కొద్ది నెలల్లో పరుగుల ఆట చేయొచ్చు. ఆర్పీజీకి కథ రాయాలి, మాటలు రాయాలి, వందల లెక్కలు సరిచూడాలి. రెండో సంగతి మన హీరో. వంతుల ఆటలో పాచిక పడకపోతే దెబ్బ తప్పుతుంది. జట్టులో బలహీనమైన వాడు నేలకూలుతాడు, వాణ్ణి లేపాలి. మొదటి గంటలో హీరో ఒక ఎలుకతో కూడా ఓడిపోవచ్చు. ఫ్లెక్సీ మీద పాలు పోసే అభిమాని ముందు తన హీరో కత్తి గాల్లో తిరిగి 'తప్పింది' అని అక్షరాలు పడితే ఏమవుతుందో ఊహించండి. కోట కట్టే ఆటలో ఆ పేచీ లేదు, హీరో బొమ్మ బురుజు మీద నిలబడి ఉంటే చాలు.

దేవుడైతే ఆ చిక్కు మరీ పెద్దది. హనుమంతుడు ఓడిపోయే ఆట ఎవరు చేస్తారు? ఆటకు రసం ఓటమి భయంలోనే ఉంది. పౌరాణికాలనూ, నేటి స్టార్ సినిమాలనూ వంతుల ఆటగా మార్చడం కష్టమనిపించేది అందుకే. మిగిలింది జానపదం. అక్కడ మనకు కొదవే లేదు.

నేపాళ మాంత్రికుడి గడ్డం

కె.వి. రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు రచనతో 1951లో విజయా వాళ్లు తీసిన 'పాతాళ భైరవి' తీసుకోండి. తోట రాముడు దేవుడు కాదు, రాజు కాదు, తోటమాలి కొడుకు. మొదట వాడి దగ్గర ధైర్యం తప్ప ఏమీ లేదు. ఆర్పీజీ హీరో సరిగ్గా ఇక్కడే మొదలవుతాడు. రాకుమారి దక్కాలంటే ఐశ్వర్యం కావాలని షరతు. నేపాళ మాంత్రికుడు ఎదురవుతాడు. గుహలు, కొలనులో మొసలి, శాపం తీరి ఆ మొసలి రూపం వదిలిన దేవకన్య చెప్పే రహస్యం, చివరికి కోరింది ఇచ్చే బొమ్మ. అక్కడితో అయిపోలేదు. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు చచ్చిన గురువును మూలికతో బతికిస్తాడు, రాజు బావమరిది సూరసేనుడి వల్ల బొమ్మ చేజారుతుంది, సంపాదించిందంతా పోయి రాముడు మళ్లీ మొదటికి వస్తాడు. ఆ పైన కనబడకుండా చేసే వస్త్రం, కోరిన చోటికి చేర్చే పావుకోళ్లు. సంచీలో దాచుకోవలసిన వస్తువులన్నీ పింగళి ముందే సర్ది పెట్టాడు.

చివరి పోరును ఆటగా ఊహిద్దాం. తెర ఎడమ పక్క రాముడు, వాడి నేస్తం అంజిగాడు. కుడి పక్క నేపాళ మాంత్రికుడు, సదాజపుడు. మొదటి వంతు వేగమెక్కువ కాబట్టి అంజిది. వస్త్రం కప్పితే రెండు వంతుల దాకా వాణ్ణి ఎవరూ కొట్టలేరు. రాముడి వంతు. కత్తి ఎత్తితే మాంత్రికుడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మాంత్రికుడి వంతు, మంట. రాముడి ప్రాణం సగానికి పడింది. ఎలాగో కష్టపడి మాంత్రికుణ్ణి కూల్చారే అనుకోండి, సదాజపుడి వంతు రాగానే మూలిక తీస్తాడు. మళ్లీ మొదలు. రెండుసార్లు ఓడితే గానీ ఆడేవాడికి వెలగదు: ముందు సదాజపుణ్ణి తప్పించాలి. ఇంకో రెండుసార్లు ఓడితే అసలు కిటుకు తెలుస్తుంది. కత్తి కట్టిపెట్టి అంజికి సదాజపుడి వేషం వేయించాలి, మాంత్రికుడితో గడ్డం గీయించాలి. బలమంతా అక్కడుంది. గడ్డం తీసేసిన మరుక్షణం రాముడి కత్తికి పదును వస్తుంది. సినిమా చూసినవాడికి ఆ కిటుకు ముందే తెలుసు కదా అంటారా? తెలిసినా మంగలి పని దాకా అంజిని బతికించుకు రావాలి, అక్కడ ఉంది ఆట.

ఈ ఒక్క సినిమాయే కాదు. విఠలాచార్య 'బందిపోటు', 'అగ్గి పిడుగు', 'జగన్మోహిని' ఉన్నాయి. సింగీతం 'భైరవ ద్వీపం' ఉంది. విఠలాచార్య తక్కువ ఖర్చులో అట్టముక్కల సెట్లతో, కెమెరా కిటుకులతో జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టాడు. 56 రంగుల తెరలో కోట కట్టిన గ్రిప్టనైట్ వాళ్లకు ఆయన దూరపు చుట్టం.

వంతుల ఆటల కాలం చెల్లిందన్న మాట కూడా ఇక చెల్లదు. 2023లో బెల్జియం స్టూడియో లేరియన్ చేసిన 'బాల్డర్స్ గేట్ 3' ఆ ఏటి మేటి ఆటగా గేమ్ అవార్డ్స్ గెలిచింది. 2025లో ఫ్రాన్స్‌లోని మాంపెలియే నుంచి ఒక చిన్న జట్టు 'క్లేర్ ఆబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33'తో వచ్చి అదే బహుమతి పట్టుకెళ్లింది. రెండూ వంతుల ఆర్పీజీలే. మన రాజమౌళి, ఆయన కొడుకు కార్తికేయ కూడా ఆ ఏడాదే ఒక వీడియో గేమ్‌లో కనిపించారు, హిదెయో కొజిమా 'డెత్ స్ట్రాండింగ్ 2'లో. సినిమావాళ్లకు ఆటల లోకం తెలియదనే సాకు కూడా పోయింది.

ఒక చిక్కు మాత్రం నిజంగా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. వంతుల ఆట నిండా మాటలే. అవి తెలుగులో ఉండాలి. గేములు తయారుచేసే యూనిటీ లాంటి ఇంజిన్లో మామూలుగా తెలుగు అక్షరాలు పోస్తే వత్తులు ఊడి పక్కన పడతాయి. 'మాంత్రికుడు' అని రాస్తే 'త'కు కింద ఉండాల్సిన 'ర' లేచి వరసలో నిలబడుతుంది. సరిచేసే దారులున్నాయి గానీ చాకిరీ. ఉచితంగా దొరికే గోడో ఇంజిన్ 2023లో వచ్చిన నాలుగో రూపం నుంచి ఇలాంటి లిపులను సొంతంగా చూసుకుంటోంది. హైదరాబాద్‌లో గేమ్ డెవలపర్ల సదస్సులు జరిగాయి, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు సైతం ఇక్కడ స్టూడియో ఉంది, బొమ్మలు గీసేవాళ్లకూ కోడ్ రాసేవాళ్లకూ కరువు లేదు. వాళ్ల మధ్య కూర్చోబెట్టాల్సింది ఒక మంచి మాటల రచయితను.

పాత జానపదాల హక్కులు ఈవేళ ఎవరి చేతుల్లో ఉన్నా వాళ్లకు ఒక విన్నపం. వాటిని రిలీజ్ తేదీ బెదిరింపు లేకుండా, వచ్చేదాంట్లో వాటా ఒప్పందం మీద ఒక చిన్న జట్టుకు ఇచ్చి చూడండి. చదివేవాళ్లకు కూడా ఒక మాట. ఇంట్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలుంటే ఈ సెలవుల్లో వాళ్లకు పాతాళ భైరవి చూపించండి. చూశాక ఒక కాగితం ఇచ్చి, ఆ కథలో ఎవరి బలం ఏమిటో, ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో రాయమనండి.